ఎంపీటీసీకి నిలబడుతున్న మా తమ్ముడి కూతురికి

చిట్టితల్లీ,

నువ్వు ఎంపీటీసీకి నిలబడుతున్నావని మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. ఆ మాట మీ పెద్దమ్మకు చెప్పబోతే గొంతు పూడుకుపోయింది నాకు. ముప్పై ఏళ్లు జెండా మోసింది నేను, పార్టీ టికెట్టుగా ఇచ్చే బీ ఫారం మీద పేరు పడేది నీది. సంతోషమే తల్లీ, కానీ తెల్లవారేదాకా కన్ను మూతపడలేదు.

నామినేషన్ కాగితాలు రెండు రోజుల ముందే సిద్ధం చేసుకో. ఖర్చు ఏ రోజుది ఆ రోజే రాయి. పొద్దుగూకాక ఒక్కదానివే ఏ తండాకూ వెళ్లకు. ఇవి ఎవరైనా చెబుతారు.

మేనిఫెస్టో చూసి ఎవరైనా ఓటేస్తారా అని మీ నాన్నతో అన్నావట. పుస్తకం ఎవరూ చదవరమ్మా. నేను పంచినవి మర్నాటికే బజ్జీల బండి మీద పొట్లాలయ్యేవి. కానీ అందులో ఒక్క మాట మాత్రం ఊరందరి నోటికీ వస్తుంది. 1983లో అది కిలో 2 రూపాయల బియ్యం. 2004లో రైతుకు ఉచిత కరెంటు, మే 14న రాజశేఖర రెడ్డి తొలి సంతకం దానిమీదే పెట్టాడు. 2023 నాటి ఆరు గ్యారంటీలేమిటని మీ పెద్దమ్మను అడిగి చూడు, ముందు ఆడవాళ్లకు ఉచిత ఆర్టీసీ బస్సే చెబుతుంది.

వీటన్నిటిలో నాకు ఇష్టమైంది 1994 నాటి మద్య నిషేధం. ఆ మాట ఏ పార్టీ ఆఫీసులోనూ పుట్టలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు, అది ఊరూరా పాకింది. ఆ తర్వాతే ఎన్టీఆర్ ఎన్నికల హామీగా దాన్ని అందుకున్నాడు. 1995 జనవరిలో అమలైంది, 1997కల్లా ఎత్తేశారు. ఎత్తేసిన రోజు మీ నాయనమ్మ అన్నం ముట్టలేదు. ఎందుకో నీకు తెలుసు.

చెప్పింది చేస్తే గెలుపు ఖాయమనీ అనుకోకు. ఆంధ్రలో 2019లో 151 సీట్లు గెలిచినవాళ్లు, 99 శాతం హామీలు తీర్చామని చెప్పుకుంటూనే 2024లో 11కి దిగారు. నాకు తోచింది చెబుతాను. అందినదాన్ని జనం తమ హక్కు కింద జమ వేసుకుంటారు, ఆ తర్వాత రోడ్డేది, పనేది అని అడుగుతారు. అడగాలి కూడా.

ఇక నీకు ఎన్నడూ చెప్పనిది. మీ నాన్నకూ తెలియదు.

2014 ఏప్రిల్. ఊళ్లో ఎక్కడ విన్నా రుణమాఫీ మాటే. ఏ పార్టీ తరఫున తిరిగానో నీకు తెలుసు, ఇక్కడ ఆ పేరు అనవసరం, తప్పు నాది. చెరువు కట్ట కింద వీధిలో ఒకావిడ మిర్చి అమ్మి అప్పుడే ఇంటికొచ్చింది. కొంగున డబ్బు ముడి ఉంది. మూడు తులాల గొలుసు బ్యాంకులో ఉంది, మర్నాడు విడిపించుకుందామని ఆమె ఆలోచన. "అన్నా, బంగారం మీద తెచ్చింది కూడా మాఫీయేనా?" అని అడిగింది. మేనిఫెస్టో నా చంకలోనే ఉంది. తెరిచి చూడలేదు. "అంతా మాఫీయే చెల్లీ, ఒక్క పైసా కట్టకు" అన్నాను. వెనక పదిమంది కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆమె నా మాట నమ్మింది. ఆ డబ్బు కూతురి ఫీజుకూ మళ్లీ పెట్టుబడికీ పోయింది. జాబితా వచ్చినప్పుడు ఆమె పేరు లేదు. గొలుసు మీద తెచ్చింది పంట అప్పు కింద రాయలేదట, మామూలు బంగారం అప్పు కింద ఉందట. వడ్డీ పెరిగింది, నోటీసు వచ్చింది, గొలుసు వేలానికి పోయింది. మార్కెట్టు దగ్గర ఎవరో చెబితే తెలిసింది నాకు. ఆమె మా ఇంటికి రాలేదు, పల్లెత్తు మాట అనలేదు. 2018లో మళ్లీ ఓటు అడగడానికి వెళ్తే అరుగు మీద చింతపండు వలుస్తోంది. తలెత్తి, "ఈసారి కాగితం చదివొచ్చావా అన్నా?" అంది. అంతే. మంచినీళ్లు కూడా ఇచ్చింది.

ఆ మరుసటి ఎన్నికల నుంచి నేను ప్రచారానికి పోలేదు. మోకాళ్ల నొప్పులని మీకందరికీ చెప్పాను.

మేనిఫెస్టోలో హామీ ఇవ్వడం ఎన్నికల చట్టం కింద అక్రమం కాదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. హామీకి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో సూచించాలని ఎన్నికల సంఘం నియమావళిలో చేర్చింది. అది పార్టీల సంగతి. నీ గడప దగ్గర నిన్ను అడిగేవాళ్లకు ఆ నియమావళి తెలియదు, నీ మొహం తెలుసు. అందుకే పిచ్చిదానా, పార్టీ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువు. ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, రెండూ ఎర్ర సిరాతో గీత గీసుకో. ఎంపీటీసీ చేతికి ఏపాటి నిధులొస్తాయో మండలాఫీసులో కనుక్కున్నాకే నీ సొంత మాట ఇవ్వు. తెలియనిది అడిగితే తెలియదను, రేపు కనుక్కుని వస్తానను. వెళ్లు కూడా. ఓడితే ఓడావు, అన్నం మన ఇంట్లో ఉంది.

చెరువు కట్ట కింది వీధికి నువ్వెళ్లే రోజు ముందే చెప్పు. ఆ వీధి తప్పించుకోవడానికి ఇన్నేళ్లుగా గుడి వెనక నుంచి చుట్టు తిరిగి బజారుకు పోతున్నాను. ఆరోజు నీతో వస్తాను. కండువా వేసుకోను, ఓటు మాట ఎత్తను. నువ్వు మాట్లాడటం అయ్యాక నన్ను ఒక్క నిమిషం అరుగు దగ్గర ఉండనివ్వు.

మీ పెదనాన్న