ఐస్కజీలో లెంగ్త్ 13 ఉంటే వైర్ మీద 16 బైట్లు ఎందుకు వస్తాయి?
ఐస్కజీ (iSCSI, నెట్‌వర్క్ మీద డిస్క్ డేటా పంపే ప్రోటోకాల్) మెసేజ్ లెంగ్త్ ఫీల్డ్‌లో 13 ఉంది కానీ ప్యాకెట్ క్యాప్చర్‌లో 16 బైట్లు కనిపిస్తున్నాయని అడిగారు కదా, అది తప్పేం కాదండి, ఐస్కజీలో డేటా సెగ్మెంట్ 4 బైట్ల లెక్కలోనే ముగియాలి కాబట్టి చివర 3 బైట్లు ప్యాడింగ్ (ఖాళీ నింపే బైట్లు) పడింది. హెడర్‌లో లెంగ్త్ మాత్రం అసలు డేటాదే, ప్యాడింగ్ కలపరు. సాకెట్ నుంచి 16 చదవండి, పై లేయర్‌కి 13 ఇవ్వండి. 13 దగ్గరే ఆగిపోతే మిగిలిన ఆ 3 బైట్లనే తర్వాతి 48 బైట్ల హెడర్ మొదలు అనుకుంటాం, ఇక అక్కడ్నుంచి ఆప్‌కోడ్ (ఏ రకం మెసేజో చెప్పే కోడ్), లెంగ్త్ అన్నీ చెత్తే, పైగా 512, 4096 లాంటి, 4తో సరిగ్గా భాగమై ప్యాడింగ్ అక్కర్లేని సైజులు వచ్చినంతసేపు అంతా బాగానే నడుస్తుంది కాబట్టి ఈ బగ్ దొరకడం చాలా కష్టం. ఇంకోటి, డేటా డైజెస్ట్ (డేటా పాడైందో లేదో చూసే సీఆర్‌సీ చెక్‌సమ్) ఆన్‌లో ఉంటే ఆ సీఆర్‌సీ లెక్కలోకి ప్యాడింగ్ కూడా వస్తుంది, అందులో సున్నాలే పెట్టండి. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ప్రోటోకాల్) వాడే ఎక్స్‌డీఆర్ అనే డేటా ఫార్మాట్‌లో కూడా ఇదే 4 బైట్ల రూలు.