భీమిలి తీరంలో కళా మండపానికి శంఖం ఆకారమా, అల ఆకారమా?

విశాఖ–భీమిలి తీరంలో పాటకీ నాటకానికీ 12 మీటర్ల వ్యాసం ఉన్న మండపం గీస్తున్నారు, చుట్టుపక్కల ప్రకృతి అందులో కనబడాలంటే శంఖం మేలా అల మేలా అని అడిగారు. రెండూ వద్దు. శంఖాన్ని కాంక్రీటులో పోస్తే పెద్ద బొమ్మ అవుతుంది, అంతే. చేప నోట్లోంచి ద్వారం, అలలా వంచిన రేకులు, పైన నీలం రంగు: తీరం పేరు చెప్పి ఇలాంటివి కట్టడం చూస్తే బాధేస్తుంది. ఆ గాలికి తగ్గ ఆకారం ఉత్తరాంధ్ర పల్లెకారులకు, అంటే జాలరులకు, ఎప్పటినుంచో తెలుసు. చుట్టిల్లు! గుండ్రటి మట్టిగోడ, కోసుగా లేచిన తాటాకు కప్పు, వంగితే గానీ లోపలికి పోలేనంత కిందికి దిగిన చూరు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను విశాఖ నగరం మీదుగా పోయింది. గాలి కాసేపు పడిపోయి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. సముద్రం వైపు తెరిచి, వెనక గోడ మూసిన మండపం అలాంటప్పుడు గోనెసంచిలా గాలి నింపుకుంటుంది. లోపలి తోపు, పైనుంచి లాగుడు కలిసి కప్పును లేపేస్తాయి. గుండ్రటి కట్టడానికి ముందూ వెనకా లేవు. అందుకని చుట్టిల్లు ఆకారమే తీసుకుని, తాటాకు బదులు రేకు కప్పును స్తంభాల మీద నిలిపి, చుట్టూ ఖాళీలు సమానంగా వదలండి, కప్పు వాలు 30 డిగ్రీలకు తగ్గనివ్వకండి.

విశాఖకు ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాలకు భారత ప్రమాణం) ఇచ్చే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే 150 కిలోల బరువంత. కప్పు ఆకారాన్ని బట్టి మారే గుణకం ఒకటి అనుకుంటే మీ 113 చదరపు మీటర్ల కప్పు మీద పైకి లాగేది 17 టన్నులు. ఇనప వాసాలతో కలిపి రేకుల కప్పు తూగేది రెండు టన్నులే. 12 స్తంభాలైతే, భద్రత కోసం కొంత ఎక్కువ పట్టుకుని, ఒక్కోదాని కింద దాదాపు ఘనపు మీటరు కాంక్రీటు పడాలి. ఇది తొలి అంచనా, అసలు లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరు చేయాల్సిందే. రేకు ముందు లేచేది చూరు దగ్గర, కొన దగ్గర. అక్కడ స్క్రూల ఎడం సగానికి తగ్గించండి. నీడకోసం చూరు పొడిగించకుండా, వసారా కప్పు విడిగా వేయండి. అది ఎగిరినా అసలు కప్పు నిలుస్తుంది.

ఉప్పు తుంపర తగిలేచోట ఎం35 గ్రేడు కాంక్రీటు, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 లోపు, ఊచల మీద 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్. మామూలు 304 రకమైతే తుప్పు మచ్చలు పడుతుంది.

రంగు కోసం భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మట్టి తవ్వించకండి, అది జాతీయ భూవారసత్వ స్థలం. సున్నంలో రెడ్ ఆక్సైడ్ కలిపితే ఆ ఛాయ వచ్చేస్తుంది.

గుండ్రటి గోడతో ఒక చిక్కుంది: శబ్దం తిరిగి వచ్చి నడిమధ్యన పోగవుతుంది. తాటాకు దాన్ని పీల్చుకునేది, రేకు పీల్చుకోదు. కప్పు లోపలివైపు 50 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి వెదురు తడకలు బిగించండి, వాన మోతా తగ్గుతుంది. ఉత్తరాంధ్ర జానపద నృత్యం తప్పెటగుళ్లు వలయంగానే ఆడతారు కాబట్టి నడిమధ్య వాళ్లకు సరిపోతుంది. ఒక్కరే పాడేవాళ్ల వేదికను మాత్రం కేంద్రం నుంచి రెండు మీటర్లు పక్కకు జరపండి.