సామాను రోడ్డు మీదికి రాకముందే

బిడ్డా,

నువ్వు ఫోన్ పెట్టేశాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మీ వీధి చివర ఆటో నడిపే ఆయన కాలు విరిగి మంచాన పడ్డాడు, మూడు నెలల కిరాయి బాకీ, నెలాఖరుకు ఖాళీ చేయమని ఓనర్ అన్నాడు. "తలా ఇంత వేసుకుందామా పెద్దమ్మా?" అన్నావు. వేసుకోండి. కానీ అది రెండో పని.

మొదటి పని ఓనర్ దగ్గరికి వెళ్లడం. అది ఇవాళే. సంఘం పనిమీద ఇరవై ఏళ్లు ఈ బస్తీల్లో తిరిగాను. సామాను గదిలో ఉన్నంతవరకు పదివేలతో ఒడ్డెక్కే కుటుంబం, అదే సామాను రోడ్డు మీద పడ్డాక యాభై వేలు పెట్టినా నిలదొక్కుకోలేదు. కొత్త గదికి రెండు నెలల అడ్వాన్స్ అడుగుతారు, సామాను బండికి డబ్బు కావాలి. "పాత ఇల్లు ఎందుకు ఖాళీ చేశారు?" అంటే ఏం చెబుతారు? ఆయన భార్య పనిచేసే నాలుగిళ్లు దూరమవుతాయి. పిల్లలకు బడి తప్పుతుంది.

కొట్లాటకు పోయినట్టు పదిమంది పోవద్దు. ఇద్దరు చాలు, అందులో ఒకరు ఓనర్ గౌరవించే పెద్దమనిషి అయితే మంచిది. ముందు ఆయన బాధ వినండి, ఆ కిరాయి మీదే ఆయన ఇల్లూ గడుస్తుందేమో. ఒక నెల కిరాయి చేతిలో పెట్టి, మిగతాది నెలకింత అని కాగితం రాసుకోండి. చాలామంది ఒప్పుకుంటారు. తాళం వేస్తా, సామాను బయట పడేస్తా అంటే మాత్రం, కోర్టు ఆర్డర్ లేకుండా అలా చేయకూడదని మెల్లగా చెప్పండి. అప్పటికీ వినకపోతే 15100కు ఫోన్ చేయండి, న్యాయసేవల హెల్ప్‌లైన్ అది. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు ఉచితంగా వకీలును పెడతారు, కాబట్టి అర్జీ ఆమె పేరు మీదే పెట్టించు.

ఇంకో సంగతి నువ్వు చెప్పలేదు, నేనూ అడగడం మరిచాను. ఆ ఆటో ఎక్కడుంది? ఇంటి ముందు ఊరికే నిలబడి ఉంటే అసలు రోగం అక్కడే ఉంది. కిరాయి బాకీ కన్నా ఫైనాన్స్ వాయిదా ముందు ముంచుతుంది. ఆటోను ఎత్తుకుపోయారంటే కాలు బాగయ్యాక కూడా చేతిలో పని ఉండదు. అదే అడ్డాలో లైసెన్సున్న నమ్మకస్తుడిని చూసి రోజు కిరాయికి ఇప్పించండి. ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో ముందే చూసుకోండి. ఆసుపత్రి కోసం రోజురోజుకీ పెరిగే మీటర్ వడ్డీకి అప్పు తెచ్చారేమో కూడా అడుగు. మగవాళ్లు ఆ మాట బయటపెట్టరు, ఆమెను విడిగా వంటింట్లో కూర్చోబెట్టి అడగాలి.

ఇక డబ్బు సంగతి. నేను చేసిన తప్పు నువ్వు చేయకు. ఎనిమిదేళ్ల కింద ఇలాగే ఒక కుటుంబానికి సాయం అడుగుతూ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాను. గడపలో తల్లి, పక్కన స్టీలు బిందె, బ్యాగు ఒళ్లో పెట్టుకున్న పెద్దపిల్ల. సాయంత్రానికల్లా పన్నెండు వేలు వచ్చాయి. తీసుకెళితే ఆమె తలుపు తీయలేదు. బడిలో ఎవరో ఆ ఫోటో చూపించి పిల్లను ఏడిపించారట. వారం తిరక్కుండా ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. ఆ డబ్బు రెండు నెలలు నా బీరువాలో పడి ఉంది, తర్వాత ఇచ్చినవాళ్లకు తిరిగిచ్చేశాను. అందుకే ఫోటో వద్దు, పేరు వద్దు. డబ్బు నేరుగా ఓనర్‌కు కట్టి రసీదు తీసుకుని ఆమె చేతికివ్వండి.

ఎంత చేసినా గది పోతే? నైట్ షెల్టర్లు ఉన్నాయి కదా అంటావు. ఉన్నాయి, లక్ష జనాభాకు కనీసం వందమందికి చోటు ఉండాలని కేంద్రం పథకంలోనే రాశారు. కానీ ఎక్కువ చోట్ల మగవాళ్లకు వేరు, ఆడవాళ్లకు వేరు. ఒకసారి రాత్రి పదింటికి ఒక కుటుంబాన్ని తీసుకెళితే, పద్నాలుగేళ్ల పిల్లవాడిని తల్లితో ఉండనివ్వం అన్నారు. వాడు చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాడు. చివరికి అందరినీ మా ఇంటి వరండాలో పడుకోబెట్టాను. అందుకే ముందుగా జీహెచ్ఎంసీలో బస్తీల పనులు చూసే యూసీడీ విభాగం వాళ్లను అడిగి, కుటుంబం మొత్తాన్ని ఒకేచోట ఉంచుకునేది ఎక్కడుందో కనుక్కో. లేదంటే మీ కమ్యూనిటీ హాలు పదిరోజులకు అడుగు. నలుగురినీ నాలుగు ఇళ్లకు మాత్రం పంచొద్దు.

కాగితాలు ఇప్పుడే సర్దించు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఒక కవర్లో పెట్టించి, ఫోన్లో ఫోటోలు తీయించు. రేషన్ ఇప్పుడు ఏ షాపులోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, కాబట్టి వేరే చోటికి మారినా బియ్యం ఆగవు. బడి మారాల్సి వస్తే టీసీ ఆలస్యమైందని సర్కారు బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు, విద్యాహక్కు చట్టంలో ఉంది. హెడ్మాస్టర్ కాదంటే ఆ మాటే చెప్పు.

ఓనర్ ఏమన్నాడో రాత్రికి ఫోన్ చెయ్యి. నీ తమ్ముడి చేత ఐదు వేలు పంపిస్తున్నా, పేరు చెప్పకుండా అందులో కలుపు. ఆటో సంగతి అడగడం మర్చిపోకు.

మీ పెద్దమ్మ