గోదారి కింది బావులు: బ్రిడ్జి గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో 2027 పుష్కరాల గురించి రాస్తూ రాజమహేంద్రవరం హేవలాక్ బ్రిడ్జిని (మనమంతా పాత బ్రిడ్జి అనేది దాన్నే) రెండు వాక్యాల్లో దాటేశాను. మీలో చాలామందికి అది నచ్చలేదు, "అంత పెద్ద బ్రిడ్జికి రెండే వాక్యాలా?" అని నిలదీశారు. నిజమే, తప్పు నాదే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం గోదారి బ్రిడ్జిలకే.

ప్రశ్న: మా తాతయ్య ఎప్పుడూ "పాత బ్రిడ్జిని బావుల మీద కట్టారమ్మా" అంటారు. బావి అంటే గొయ్యి కదా, గొయ్యి మీద బ్రిడ్జి ఎలా నిలబడుతుంది? (డిగ్రీ విద్యార్థిని, కొవ్వూరు)

మీ తాతయ్యగారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంజనీర్లు కూడా దాన్ని వెల్ ఫౌండేషన్ అనే అంటారు, అంటే బావి పునాదే.

మీరు ఒరల బావి తవ్వడం చూశారో లేదో. నా చిన్నప్పుడు మా పెరట్లో తవ్వించారు. ఇసుక నేల కాబట్టి మామూలుగా గొయ్యి తవ్వితే గట్లు విరిగి పడిపోతాయి. అందుకని ముందు ఒక సిమెంటు ఒరను నేల మీదే పెట్టారు. ఒక మనిషి ఆ ఒర లోపలికి దిగి, దాని అంచు కింద ఉన్న ఇసుకను చుట్టూ సమంగా తోడి గమేళాలో పైకి పంపుతున్నాడు. కాసేపటికి ఒర తన బరువుకి తనే జర్రున ఒక జానెడు కిందికి దిగింది. దాని మీద ఇంకో ఒర పెట్టారు, మళ్ళీ తోడారు, మళ్ళీ దిగింది. ఒకచోట ఇసుక ఎక్కువ తోడేయడంతో ఒర పక్కకి వాలితే, పనాయన కేకలేసి, ఎదురు వైపు తోడించి, దాన్ని మళ్ళీ నిలువుకి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

బ్రిడ్జి పునాది కూడా అచ్చం ఇదే పని, కాకపోతే అక్కడ ఒర ఒక గది అంత ఉంటుంది. కింద ఉక్కు అంచు బిగిస్తారు, దాని మీద గోడ కడుతూ పోతారు, లోపలి ఇసుకను యంత్రంతో తోడుతూ పోతారు. దిగనని మొండికేస్తే పైన బరువులు పేర్చి నొక్కుతారు. కావలసిన లోతుకి దిగాక అడుగున కాంక్రీటుతో మూసేసి, లోపల ఇసుకతోనో కాంక్రీటుతోనో నింపి, పైన మూత వేసి, ఆ మూత మీద స్తంభం లేపుతారు. బయట మనకి కనిపించేది ఆ స్తంభం ఒక్కటే. బ్రిడ్జిలో సగం కష్టం నీటి కింద, ఇసుకలో ఉండిపోతుంది. ఎవరూ ఫొటో తీసుకోని ఆ సగమే నాకు అన్నిటికన్నా ముఖ్యం.

అంత లోతుకి ఎందుకు దించాలి అంటారా? గోదారి ఒడ్డున చీలమండల లోతు నీళ్ళలో కదలకుండా నిలబడి చూడండి. నీరు మీ పాదం చుట్టూ తిరిగి మడమ కింది ఇసుకను లాక్కుపోతుంది, మీరు మెల్లగా కుంగుతారు. వరదలో నది స్తంభం చుట్టూ చేసేది ఇదే. ఎర్రనీరు వచ్చినప్పుడు నీటిమట్టం పైకి పెరగడం మనకి కనిపిస్తుంది కానీ, అదే సమయంలో అడుగున ఇసుక కోసుకుపోయి నది కిందికి కూడా పెరుగుతుందని తట్టదు. వరద తగ్గాక ఆ గొయ్యిలో మళ్ళీ ఇసుక మేటవేస్తుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. కాబట్టి ఆ కోత అందనంత లోతుకి బావి దిగి ఉండాలి.

ఇక పాత బ్రిడ్జి పని మొదలైన 1897 సంగతి. ఆ ఏడాది నవంబరు 11న పని మొదలైంది, 1900 ఆగస్టులో బ్రిడ్జి మీద రైళ్ళు నడిచాయి. నవంబరు అన్నది ఊరికే పెట్టుకున్న తేదీ కాదు. జూలై నుంచి అక్టోబరు దాకా గోదారిలో బావి దించడం అయ్యే పని కాదు, కాబట్టి నీరు తీసిన నవంబరు నుంచి మళ్ళీ తొలకరి వరద దాకా ఉన్న ఏడెనిమిది నెలలే పని కాలం. లెక్కేస్తే వాళ్ళకి దొరికినవి అలాంటి సీజన్లు మూడే మూడు! ఆ మూడింటిలో ఇంత నదికి అడ్డంగా 56 ఖానాల బ్రిడ్జి నిలబెట్టారు (ఖానా అంటే ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా ఉన్న భాగం), ఒక్కో ఖానా 150 అడుగులు, అంటే సుమారు 45.7 మీటర్లు, రాతి స్తంభాలు, వాటి మీద ఉక్కు గర్డర్లు, అంటే పట్టాలని మోసే దూలాలు. ఇంజనీర్ ఇన్ ఛార్జి గ్రాన్‌విల్ వాల్టన్. ఆయనకి ఇది మొదటి పెద్ద నది కాదు, అంతకు ముందు కాశీలో గంగ మీద డఫరిన్ బ్రిడ్జి కట్టాడు (ఇప్పుడు దాన్ని మాళవీయ బ్రిడ్జి అంటున్నారు). ఇక హేవలాక్ అన్నది కట్టినవాడి పేరు కాదు, అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ పేరు.

ఆ బావులు ఎంత గట్టివో 1986 ఆగస్టు చెప్పింది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడాది వచ్చిన వరద 35 లక్షల పైమాటే. ఊళ్ళకి ఊళ్ళు మునిగాయి, లంకల్లో జనం ఇళ్ళ కప్పుల మీదికెక్కారు. అప్పటికి 86 ఏళ్ళు నిండబోతున్న పాత బ్రిడ్జి మాత్రం నిలబడింది, ఆ తర్వాత ఇంకో 11 ఏళ్ళు రైళ్ళని మోసింది.

ప్రశ్న: ధవళేశ్వరంలో అప్పటికే కాటన్ దొర ఆనకట్ట ఉంది కదా, రైలుని దాని దగ్గరే దాటించకుండా రాజమండ్రిలో వేరే బ్రిడ్జి ఎందుకు? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తణుకు)

మంచి ప్రశ్న మాస్టారూ. మ్యాపు తీసి ఒక్కసారి చూడండి, జవాబు అక్కడే ఉంటుంది. పోలవరం దగ్గర కొండలు వదిలిన గోదారి రాజమండ్రి దాకా ఒకే ప్రవాహంగా వస్తుంది, అందుకే అక్కడ దాన్ని అఖండ గోదావరి అంటాం. ధవళేశ్వరం చేరేసరికి మధ్యలో లంకలు లేచి నది బాగా విచ్చుకుంటుంది. 1852లో పూర్తయిన ఆనకట్ట కూడా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగానే ఉండేది. ఇంకా కిందికి పోతే గౌతమి, వశిష్ఠ అని చీలిపోతుంది, అక్కడ ఒక బ్రిడ్జి సరిపోదు. పైకి పోతే పాపికొండల్లో నది సన్నబడుతుంది కానీ ఆ కొండల్లోకి రైలు మార్గం తీసుకెళ్ళడం ఇంకా పెద్ద తలనొప్పి. నది ఒక్కటిగా ఉండి, రెండు ఒడ్డులా గట్టి నేల ఉన్న చివరి చోటు రాజమండ్రి, కొవ్వూరుల మధ్య.

ఆనకట్ట కట్టింది నీటిని ఆపి కాలవల్లోకి మళ్ళించడానికి. పైగా వరద వస్తే దాని మీద నుంచే పొర్లి పోయేది. దాని మీద రైలు నడపడం కుదిరే పని కాదు.

ఇంకో ముక్క. విజయవాడలో కృష్ణ మీద రైలు బ్రిడ్జి 1893లోనే వచ్చేసింది. గోదారి మీద మాత్రం 1900 దాకా లేదు. ఆ మధ్య కాలంలో విజయవాడ వైపు నుంచి వచ్చిన ప్రయాణికులు కొవ్వూరులో సామాన్లతో సహా దిగి, నది దాటి, రాజమండ్రిలో మళ్ళీ రైలెక్కాల్సిందే. చంటిపిల్లలతో, వాన కాలంలో, పొంగే గోదారిలో! బ్రిడ్జి విలువ ఆ ప్రయాణం చేసినవాళ్ళకే పూర్తిగా తెలిసి ఉంటుంది.

ప్రశ్న: రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి పొడవు ఒకచోట 2.8 కిలోమీటర్లని, ఇంకోచోట 4.1 అని చదివాను. ఏది కరెక్టు? ఇంకా, దాని మీద స్కూటర్ నడిపితే ప్రతి కొద్ది దూరానికీ టకటక ఎగురుతుంది ఎందుకు? (ప్రైవేటు ఉద్యోగి, రాజమహేంద్రవరం)

రెండూ కరెక్టే. 1974లో వచ్చిన ఈ రెండో బ్రిడ్జిలో కింద ఒక రైలు లైను, పైన రోడ్డు. రైలు భాగం నదిని దాటేంత, అంటే దాదాపు 2.8 కిలోమీటర్లు. రోడ్డు మాత్రం రైలు నెత్తి మీదుగా పోవాలి కాబట్టి అంత ఎత్తుకి ఎక్కడానికీ, మళ్ళీ దిగడానికీ రెండు వైపులా అదనపు పొడవు కావాలి, అదంతా కలిపి 4.1. నదిలో 91.5 మీటర్ల ఖానాలు 27 ఉంటాయి, ఇంకో ఏడు 45.72 మీటర్లవి. ఆ ఏడింటిలో ఆరు రాజమండ్రి వైపు వంపులో ఉంటాయి. నేరుగా పోతే ఊరి మీదికి వస్తుంది కనుక బ్రిడ్జినే తిప్పారు. ఈసారి అటు వెళ్ళినప్పుడు ఆ మలుపు గమనించండి.

ఇక టకటక. ఉక్కు ఎండకి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. 91.5 మీటర్ల గర్డరు 30 డిగ్రీల తేడాకి సుమారు 3 సెంటీమీటర్లు సాగుతుంది. ఆ సాగుబాటుకి చోటు వదలకపోతే గర్డరు స్తంభాన్ని నెట్టేస్తుంది. అందుకే గర్డరుకీ గర్డరుకీ మధ్య ఖాళీ ఉంచుతారు, మీ చక్రం ఎక్కి దిగేది దాని మీదే. ఖాళీ ఉండడం తప్పు కాదు. ఆ జాయింటు అంచులు విరిగి గుంటలు పడితే మాత్రం అది నిర్వహణ లోపమే, దాన్ని సమర్థించను. గుంటలో చక్రం పడ్డ ప్రతిసారీ నడుముతో పాటు బ్రిడ్జికి కూడా దెబ్బే.

నాకు ఆ బ్రిడ్జి మీద ఒక అనుభవం ఉంది. బండి ఆపి రెయిలింగ్ పట్టుకుని నిలబడితే, కింద గూడ్సు వస్తున్నట్టు చెవికి తెలియకముందే చేతికి తెలిసింది. ఇనుము సన్నగా వణికింది, ఆ తర్వాతే దడదడమని చప్పుడు. (ఇప్పుడున్న ట్రాఫిక్‌లో మాత్రం మీరు ఆగకండి, ప్రమాదం.)

ప్రశ్న: మూడో బ్రిడ్జికి ఆ ఆర్చీలు అందం కోసమేనా? (ఇంటర్ విద్యార్థి, నిడదవోలు)

అందం కోసం కాదు నాయనా, బ్రిడ్జిని మోసేవి అవే. విల్లుని గుర్తు చేసుకో. వంచిన కర్ర ఎప్పుడూ విచ్చుకోవాలని చూస్తుంది, అల్లెతాడు దాన్ని రెండు కొసల దగ్గర లాగి పట్టుకుంటుంది. ఇక్కడ కాంక్రీటు ఆర్చి కర్ర, పట్టాలుండే గర్డరు అల్లెతాడు. రైలు బరువుకి ఆర్చి పక్కలకి తన్నుకోబోతే కింది గర్డరు ఆపేస్తుంది, కాబట్టి స్తంభం మీద నిలువు బరువే పడుతుంది, పక్క తోపు పడదు. పట్టాల భాగాన్ని ఆర్చి నుంచి దిగిన నిలువు కడ్డీలు వేలాడదీసి పట్టుకుంటాయి. దీన్నే బౌస్ట్రింగ్ అంటారు.

లాభం ఏంటంటే ఖానా పొడవుగా పెట్టుకోవచ్చు. 1900లో 45.7 మీటర్లు, 1974లో 91.5, 1997 నాటి ఆర్చి బ్రిడ్జిలో 97.55. ఖానా పెరిగితే స్తంభాలు తగ్గుతాయి, స్తంభాలు తగ్గితే నదిలో దించాల్సిన బావులు తగ్గుతాయి. పాతదానికి 56 ఖానాలు, ఆర్చి బ్రిడ్జికి సరిగ్గా సగం, 28. గోదారిలో బావి దించడం ఎంత కష్టమో మొదటి జవాబులో చెప్పాను కదా, ఈ వందేళ్ళ లెక్కంతా దాని చుట్టూనే తిరిగింది. 2015 పుష్కరాల నాటికి వచ్చిన నాలుగోది పూర్తిగా రోడ్డు బ్రిడ్జి, దాని సంగతి ఇంకోసారి.

ప్రశ్న: మనదే ఆసియాలో పెద్ద బ్రిడ్జి అని ఇంకా చెప్పుకోవచ్చా? (హైదరాబాద్)

వద్దు. దేశంలోనే అస్సాంలో బ్రహ్మపుత్ర మీద 2018లో తెరిచిన బోగీబీల్ రైలు రోడ్డు బ్రిడ్జి 4.94 కిలోమీటర్లు. రైలుకి మాత్రమే అయినవి తీసుకున్నా, 1900లోనే బిహార్‌లో సోన్ నది మీద మన హేవలాక్ కన్నా పొడవైనది వచ్చింది. గోదారి బ్రిడ్జి గొప్పదనానికి ఆ బిరుదు అవసరం లేదు.

ప్రశ్న: 1997లో రైళ్ళు ఆపేశాక పాత బ్రిడ్జి తుప్పు పడుతోంది. తీసేసి ఆ ఇనుము అమ్మేస్తే పోదా? (వ్యాపారి, రాజమహేంద్రవరం)

అయ్యా, మీ మాట చదివి బాధపడ్డాను, కోపం మాత్రం రాలేదు, ఎందుకంటే ఇన్నేళ్ళు దాన్ని అలా వదిలేస్తే ఎవరికైనా ఆ ఆలోచనే వస్తుంది. దాన్ని నడక దారిగా, పర్యాటక స్థలంగా మార్చాలన్న మాట చాలాకాలంగా ఉంది. 2025లో అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన కూడా అయింది, అందులో ఈ బ్రిడ్జి ఉంది. నేను కోరేది ఒక్కటే, లైట్లూ దుకాణాలూ పెట్టే ముందు నీళ్ళలోకి మనుషుల్ని దించి ప్రతి బావినీ పరీక్ష చేయించాలి. రైలు ఆగినా వరద ఆగలేదు, ప్రతి ఏటా ఎర్రనీరు ఆ స్తంభాల చుట్టూ ఇసుక కోస్తూనే ఉంది. పైన గర్డరుకి రంగు వేయడం సులువు, అందరికీ కనిపిస్తుంది కూడా. కింద ఏముందో చూడకుండా వేల మందిని దాని మీదికి ఎక్కించకూడదు.

ఆ పరీక్షలో నెగ్గితే మాత్రం ఒక్క ఖానా కూడా తీయకుండా ఉంచాలి. తీస్తే ఏం పోతుందో తెలియాలంటే, ఆర్చి బ్రిడ్జి మీదుగా వెళ్ళే రైలెక్కి పాత బ్రిడ్జి కనిపించే కిటికీ దగ్గర కూర్చోండి. పక్కవాళ్ళు గోదారిలోకి చిల్లర విసురుతుంటే మీరు స్తంభాలు లెక్కపెట్టండి. మీ పక్కన ఒక ఆర్చి దాటేలోపు అవతల పాత ఖానాలు రెండేసి వెళ్ళిపోతుంటాయి.