‘ఆకులో ఆకునై’లో కన్నుకా, చెవికా పెద్దపీట?

దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘ఆకులో ఆకునై’ గీతంలో ఇంద్రియ చిత్రణ గురించి మీ అమ్మాయి పరీక్షకు రాయాలని, అందులో దృశ్యమే ప్రధానమా అని అడిగారు. కాదండీ. ముందు చెవి, ఆ తరువాతే కన్ను.

ఇది 1982లో వచ్చిన ‘మేఘసందేశం’ సినిమా పాటగానే చాలామందికి తెలుసు. నిజానికి 1925 నాటి ఆయన కవితాసంపుటి ‘కృష్ణపక్షం’లోది. అడవిలో ఆకై, పువ్వై దాగిపోవాలన్న కవి కోరికే ఈ గీతం. ఇందులో చిరుగాలి ‘గలగలని’ వీస్తుంది. గాలికి గలగల ఏమిటని మా బావగారు ఒకసారి ఇంట్లో పెద్ద వాదనే పెట్టారు. ఆయన్ని వేసవి మొదట్లో మారేడుమిల్లి తీసుకెళ్లాను. వెదురు పొదల్లో ఎండుటాకులు ఇంకా రాలలేదు. కాస్త గాలి వీచేసరికి అడవంతా గలగలలాడింది. బావగారు మారుమాట్లాడలేదు. అంతలో పక్కన ఎవరో కారు తలుపులు బార్లా తీసి స్పీకర్లలో పాటలు పెట్టారు. ఆ హోరు వినడానికి ఘాటు రోడ్డెక్కి అంతదూరం రావడం ఎందుకో!

అక్కడే ఒక ఇప్పచెట్టు పూలు రాల్చడం ముగించి చిగురు వేస్తోంది. ఆ చిగురులో పచ్చదనం మచ్చుకైనా లేదు. రాగి ఎరుపు, పైన నూనె రాసినట్టు నిగనిగ, వేలితో తాకితే చల్లగా వాలిపోయేంత మెత్తన. కవి ‘పగడాల చిగురాకు’ అన్నది ఊరికే కాదు. మా వాడి గైడులో మాత్రం దానికి ‘పచ్చని చిగురుటాకులు’ అని అర్థం రాశారు. రాసినాయన పెరట్లో మామిడి చిగురైనా చూసి ఉండడు.

స్పర్శ ఎక్కడుందని గైడులు వెతుకుతుంటాయి. గాలి తాకిందని కవి అనలేదు, గాలిలో తానే కెరటమయ్యాడు. తాకడానికి ఒళ్లు మిగిలితే కదా!

నాకున్న ఫిర్యాదల్లా వాసన గురించే. ఆ ఇప్పచెట్టు కింద మిగిలిన పూలు తియ్యగా, కొంచెం పులిసినట్టు, తల దిమ్మెక్కేలా గుప్పుమన్నాయి. ఈ గీతంలో పువ్వుంది, విరిచేడె (పూబాల) సిగ్గుంది, పరిమళం మాత్రం లేదు. పువ్వే అయిపోయినవాడికి తన వాసన తనకు తెలియదని సర్దిచెప్పుకోవచ్చు గాని, భావకవులకు ముక్కు మీద చిన్నచూపు ఉందని నా గట్టి నమ్మకం.

మీ అమ్మాయి ఇదంతా రాస్తే మార్కులు వస్తాయా అంటారా? దిద్దేవారి దగ్గరా ఆ గైడే ఉంటుంది. ‘పచ్చని’ అన్న మాట మాత్రం రాయవద్దనండి.