ఆర్థర్ రాజు అభిమానుల పాత పత్రికలను స్కాన్ చేశాక పారవేయవచ్చా?

బ్రిటన్‌లో ఆర్థర్ రాజు గాథల అభిమానులు 1960, 70లలో సొంత ఖర్చుతో వేసుకున్న చిన్న పత్రికల పెట్టె చేతికి వచ్చిందనీ, స్కాన్ చేశాక కాగితాలు పారవేయవచ్చా అనీ అడిగారు. పారవేయకండి. ఇంగ్లండ్‌లో మా ఊరి గ్రంథాలయంలో ఇటువంటి సంచికలను సర్దే పనిలో స్వచ్ఛందంగా పాల్గొన్న అనుభవంతో చెబుతున్నాను: ఒక్కొక్క సంచికను ఏ పద్ధతిలో ముద్రించారో ముందు చూసుకోవాలి, ఏది త్వరగా చెడిపోతుందో దాన్నిబట్టే తేలుతుంది.

ఊదారంగు అక్షరాలున్నవి స్పిరిట్ డూప్లికేటర్ అనే, స్పిరిట్ ద్రవంతో ప్రతులు తీసే యంత్రం మీద తీసినవి (ఒకప్పటి ఆ ఘాటు వాసన ఇప్పుడు మిగలదు లెండి). ఆ రంగు వెలుతురుకు వెలిసిపోతుంది కనుక వాటిని అన్నిటికంటె ముందు, రంగుల్లోనే, 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కల) స్పష్టతతో స్కాన్ చేయండి. సైక్లోస్టైల్ ప్రతుల్లో సిరా నిలుస్తుంది గాని, చౌకరకం కాగితంలోని ఆమ్లం వల్ల అంచులు పెళుసుబారి, పేజీ తిప్పుతుంటేనే విరుగుతాయి. ఫొటోకాపీలను పీవీసీ కవర్లలో పెడితే టోనర్ అనే పొడి సిరా ప్లాస్టిక్‌కు అంటుకుని అక్షరాలు ఊడివస్తాయి. పాలియెస్టర్ కవర్లే వాడాలి. తుప్పుపట్టిన స్టేపుల్ పిన్నులను లాగకుండా, వెనుకవైపు కాళ్లను నిదానంగా పైకి లేపి తీయండి. చిరుగులకు సెల్లోటేపు వద్దే వద్దు.

వ్యాసాలకంటె పాఠకుల లేఖలే నాకు విలువైనవిగా తోచాయి. పురావస్తు శాస్త్రవేత్త లెస్లీ ఆల్కాక్ 1966 నుంచి 1970 వరకు ఇంగ్లండ్‌లోని సౌత్ క్యాడ్‌బరీ కొండకోటలో తవ్వకాలు జరిపినప్పుడు, ఆర్థర్ రాజధాని క్యామెలాట్ అదేనేమోనన్న ఆశ సామాన్య అభిమానులను ఎలా కదిలించిందో తెలుసుకోవాలంటే తవ్వకాల నివేదిక చాలదు, ఇటువంటి లేఖలే వెతకాలి. సంచికల మధ్య దొరికే చందా చీటీలను కూడా ఏ పేజీలో ఉన్నవాటిని ఆ పేజీ నంబరు రాసి దాచండి.

అయితే ఆ లేఖల కింద ఇంటి చిరునామాలు ఉంటాయి. పైగా బ్రిటన్ చట్టం ప్రకారం రచయిత మరణించాక 70 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది, ఒక్క సంచికలోనే పదిమంది రచయితలు ఉండవచ్చు. కనుక స్కాన్లను అందరికీ తెరిచిపెట్టే తొందర వద్దు.

ముద్రిత ప్రచురణల ప్రతిని బ్రిటిష్ లైబ్రరీకి పంపాలని అక్కడి చట్టం చెబుతున్నా, ఇంటిబల్ల మీద పత్రిక నడిపేవారు అందరూ పంపుతారని అనుకోలేం. అందుచేత సంచిక సంఖ్య, నెల, పేజీలు, ముద్రణ పద్ధతితో జాబితా రాసి, అక్కడి కేటలాగుతో పోల్చి, లేని సంచికలు ఏవో గుర్తించండి. పెట్టెకు ముందు ఆ జాబితానే పంపితే వాటిని తీసుకునేదీ లేనిదీ గ్రంథాలయంవారు చెప్పడం సులువవుతుంది.