వేలంలో స్కూల్ బస్సు: పాట పాడే ముందు, ఇంటికి తోలుకొచ్చే దాకా

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

అమెరికాలో పాత స్కూల్ బస్సు ఒకటి వేలంలో పట్టి, సీట్లు పీకేసి ఇల్లులా కట్టుకుంటానని రాశావు. నువ్వు పంపిన ప్రకటనలన్నీ చూశాను. అన్నీ శుభ్రంగా కడిగి తీసిన ఫొటోలే. వాటిని బట్టి చెప్పగలిగింది తక్కువ. నువ్వు చూస్తున్నది ధర, ఇంజిన్, ఎన్ని మైళ్లు తిరిగిందీ. ఇంజిన్ సంగతి నేనూ చెబుతాను కానీ, ఈ బేరంలో డబ్బు పోయేది ఎక్కువగా బ్రేకుల దగ్గర, టైర్ల దగ్గర, కాగితాల దగ్గర. బస్సు నిలిపి ఉంచిన షెడ్డుకీ మీ ఇంటికీ మధ్య ఉన్న రోడ్డు ఖర్చు కూడా బస్సు ధరలో భాగమే అనుకుని లెక్క వెయ్యి.

ముందు ఎవరు అమ్ముతున్నారో చూడు. గవ్‌డీల్స్, పబ్లిక్ సర్‌ప్లస్ లాంటి వేలం వెబ్‌సైట్లలో ఎక్కువగా స్కూల్ డిస్ట్రిక్టులే, అంటే ప్రభుత్వ బడులు నడిపే స్థానిక సంస్థలే, నేరుగా పెడతాయి. వాళ్లు బస్సును వదిలించుకోవడానికి కారణాలు రెండు. ఒకటి వయసు: పన్నెండు, పదిహేనేళ్లు దాటితే నడుస్తున్న బండినైనా పక్కన పెట్టేస్తారు. రెండోది జబ్బు: దీని మీద ఇక ఖర్చు దండగ అని మెకానిక్ తేల్చేసిన బండి. ప్రకటనలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండింటి కిందా "ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటే" అనే మాటే ఉంటుంది. తేడా తెలియాలంటే ఫోన్ చెయ్యాలి, అదీ ఆఫీసుకి కాదు, బస్సులు బాగుచేసే షెడ్డుకి. "బస్సు బాగుందా" అని అడిగితే "బాగుంది" అంటారు. "పిల్లల్ని ఎక్కించుకుని చివరిసారి రూటుకి వెళ్లింది ఎప్పుడు? ఆ తర్వాత దీంట్లోంచి ఏమేం విప్పి వేరే బస్సులకి వేశారు?" అని అడుగు. మూలన పెట్టిన బస్సులోంచి ఆల్టర్నేటరో, స్టార్టరో, మంచి టైర్లో తీసి పాతవి బిగించడం ప్రతి షెడ్డులోనూ ఉన్న అలవాటే. బస్సు నంబరు చెప్పి రిపేర్ల చిట్టా కూడా అడుగు. ప్రభుత్వ సంస్థ కాబట్టి చాలాచోట్ల ఇస్తారు. అందులో ఒకే రిపేరు మూడు నాలుగుసార్లు కనిపిస్తే అది ఇంకా తేలని జబ్బన్నమాట.

ఇంజిన్ల విషయంలో నా మొగ్గు దాచను. ఇంటర్నేషనల్ వాళ్ల డీటీ 466 దొరికితే వదలకు. ఆరు సిలిండర్లూ వరుసగా ఉంటాయి, లైనర్లు, అంటే సిలిండర్ల లోపలి గొట్టాలు, మార్చుకునే రకం, ఇంజిన్ని బండిలోంచి దించకుండానే మళ్లీ కట్టుకోవచ్చు. కమ్మిన్స్ 5.9లో 1998 దాకా వచ్చిన పన్నెండు వాల్వుల రకం మొద్దుగా, మొండిగా పనిచేస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఇరవైనాలుగు వాల్వుల రకంలో రెండు చూడాలి. ఒకటి, బ్లాకు పక్కన 53 అనే అంకె పోతపోసి ఉంటే అది పక్క గోడ పగిలి కూలెంట్ కారే బాపతు. రెండు, ట్యాంకు నుంచి డీజిల్ తోడే చిన్న పంపు బలహీనపడితే ఖరీదైన ఇంజెక్షన్ పంపు కూడా దాంతోపాటే పోతుంది. ఇంటర్నేషనల్ వీటీ 365 జోలికి పోకు. ఫోర్డ్ పికప్పుల్లో 6.0 పవర్‌స్ట్రోక్ పేరుతో వచ్చింది అదే. హెడ్ గాస్కెట్లు, పొగను చల్లార్చి మళ్లీ ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ కూలరు దాని పాత రోగాలు.

2007 ఉద్గార నిబంధనలతో వచ్చిన ఇంజిన్లకి సైలెన్సర్ దగ్గర మసి ఫిల్టర్ ఉంటుంది. అది తనను తాను కాల్చుకుని శుభ్రపడాలంటే పొగ బాగా వేడెక్కాలి. స్కూల్ రూటులో వీధికో ఆగుడు, ఇక వేడెక్కేదెక్కడ! అందుకే ఈ వయసు బస్సులు మసి ఫిల్టర్ మూసుకుపోయే వేలానికి వస్తుంటాయి. 2010 తర్వాతి వాటిలో చాలావాటికి పొగను శుభ్రం చెయ్యడానికి వాడే డెఫ్ ద్రవం, దాని పంపు, దాని సెన్సర్లు అదనం. చేతిపని తెలిసినవాడికి పాత బండే మేలని నా అభిప్రాయం.

గేరుబాక్సు చాలావాటిలో అలిసన్ కంపెనీ ఆటోమేటిక్ అయి ఉంటుంది. ఏటీ 545 అయితే టౌనులో ఫరవాలేదు కానీ ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా గేర్లకి అందించే దాని టార్క్ కన్వర్టర్ లాక్ అవదు. పొడుగాటి ఎక్కుళ్ల మీద నూనె కాగిపోతుంది, డీజిలూ ఎక్కువ తాగుతుంది. నీకు కొండదారుల మీద మనసుంది కాబట్టి ఎంటీ 643 కానీ 2000 సిరీస్ కానీ చూసుకో.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిన్ ముందే వేడి చేసి ఉంచొద్దని చెప్పి వెళ్లు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో అదే దాని జాతకం. తొలి నిమిషం తెల్లపొగ వచ్చి ఆగిపోతే సరే. తియ్యటి వాసనతో వస్తూనే ఉంటే కూలెంట్ లోపలికి పోతోంది. నీలిపొగ అయితే ఆయిలు కాలుతోంది. నడుస్తున్నప్పుడే ఆయిలు పోసే మూత తీసి, తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టు. కొంచెం కదిలితే తప్పులేదు, ఎగిరి కిందపడిందంటే పిస్టన్ రింగులు అరిగాయి.

ఇంజిన్ అసలు తిరగకపోతే బ్యాటరీని తిట్టకముందు వెనక అత్యవసర ద్వారం చూడు. రాత్రిపూట ఎవరూ ఎక్కకుండా లోపలి నుంచి గడియ పెడతారు. ఆ గడియ పడి ఉంటే చాలా బస్సుల్లో స్టార్టర్‌కి కరెంటే వెళ్లదు. అత్యవసర కిటికీలకీ అంతే. కొత్త బ్యాటరీలు కొని తెచ్చాక గడియ కనిపెట్టినవాళ్లు బోలెడుమంది. అలాగే, ఇంజిన్ ఆపగానే హారన్ మోతెక్కిపోతే కంగారుపడకు. నిద్రపోయిన పిల్లలెవరైనా మిగిలారేమో డ్రైవరు వెనక్కి నడిచి చూడాలని పెట్టిన ఏర్పాటది. చివరి సీటు దగ్గర మీట నొక్కితే ఆగుతుంది.

తుప్పు సంగతి. మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బస్సు పైకి నిగనిగలాడినా కింద జల్లెడ. పాత బట్టలు వేసుకుని కిందికి దూరు. స్క్రూడ్రైవరుతో మెట్ల అడుగు, చక్రాల పైకప్పు, బ్యాటరీ పెట్టె చుట్టూ, ఛాసిస్ నుంచి బాడీని మోసే అడ్డకమ్మీలు పొడిచి చూడు. పొరలు పొరలుగా ఊడుతుంటే లేచి వచ్చెయ్. లోపల రబ్బరు నేల కింద ప్లైవుడ్డు, దాని కింద రేకు ఉంటాయి. హీటరు గొట్టాలు పోయే గోడ వారన అడుగువేస్తే మెత్తగా దిగబడిందంటే, కారిన కూలెంటు ఏళ్లుగా ఆ రేకును తింటోందన్నమాట. వీల్‌చెయిర్ లిఫ్టున్న బస్సు దొరికితే నీలాంటివాడికి కలిసొస్తుంది: కొన్నిట్లో నేల చదునుగా ఉంటుంది, ఆల్టర్నేటరూ పెద్దదే. కొలిచే టేపు తీసుకెళ్లి లోపలి ఎత్తు కొలువు. 72 అంగుళాల కప్పులూ ఉన్నాయి, 77, 78వీ ఉన్నాయి. నేల మీద చెక్కా, పైన పలకా వేశాక ఆ తేడా నీ నెత్తికే తెలుస్తుంది.

ఇప్పుడు బ్రేకులు. ఇక్కడ తొందరపడకు. ఎయిర్ బ్రేకులైతే ముందు చక్రాలకి అడ్డు దిమ్మలు పెట్టు. ఇంజిన్ నడిపి గాలి నిండనివ్వు, గాలి ఒత్తిడి సుమారు 120 నుంచి 140 పీఎస్ఐ మధ్య ఉండగా కంప్రెసర్ తనే ఆగాలి. ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేకు వదిలి ఒక నిమిషం గేజ్ చూడు: 2 పీఎస్ఐ కంటే ఎక్కువ పడకూడదు. పెడల్ గట్టిగా తొక్కి పట్టి ఇంకో నిమిషం: 3 కంటే పడకూడదు. తర్వాత పెడల్ తొక్కుతూ వదులుతూ గాలి ఖాళీ చెయ్. 60 దగ్గరకొచ్చేసరికి హెచ్చరిక దీపం, బజరు రావాలి. 20 నుంచి 45 మధ్య పార్కింగ్ బ్రేకు పసుపు మీట తనంతట తానే బయటికి తన్ని, గాలి లేనప్పుడు పట్టుకునే స్ప్రింగ్ బ్రేకులు పట్టేయాలి. ఈ చివరిది పనిచేయని బండిని రోడ్డెక్కించకు. గాలి ట్యాంకుల కింద తీగ లాగి నీళ్లు వదులు. నీళ్లొస్తే మామూలే, మజ్జిగలా తెల్లటి జిడ్డు వస్తే కంప్రెసర్ ఆయిల్ కక్కుతోంది.

టైర్లకి అరుగుదల ఒక్కటే చూస్తే చాలదు. పక్కన డాట్ (DOT) అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చదువు: 2314 అంటే 2014లో ఇరవైమూడో వారం. మందం బాగున్నా పక్కలు పగుళ్లిచ్చిన ముసలి టైరు హైవే వేడికి విచ్చిపోతుంది. ముందు రెండింటికి కనీసం 4/32 అంగుళం, వెనక వాటికి 2/32 ఉండాలి. వెనక జంట టైర్లలో లోపలిదాన్ని తన్ని చూస్తే ఏమీ తెలీదు, గేజ్ పెట్టాల్సిందే. చక్రం నట్ల కింద తుప్పు చారలు కారి ఉంటే నట్టు వదులైందని గుర్తు. ఆరు టైర్లూ మార్చాల్సివస్తే, పాత బస్సు పాట ధరకి ఆ బిల్లు పోటీ వస్తుంది.

పాటకి ముందే రెండు ఫోన్లు చెయ్. ఒకటి ఇన్సూరెన్స్‌కి, బండి గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబరు చేతిలో పెట్టుకుని. ఇల్లుగా మార్చబోయే బస్సంటే మొహం మీదే కాదనేవాళ్లు చాలామంది. ఒప్పుకునేవాళ్లు దొరికాకే పాట. రెండోది మీ రాష్ట్రంలో బండ్ల రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు చూసే డీఎంవీకి. స్థూల బరువు రేటింగు, అంటే మనుషులతో, సామానుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు, 26,001 పౌండ్లు, ఆపైన ఉన్నా, డ్రైవరుతో కలిపి పదహారుమందికి తగ్గట్టు కట్టినదైనా కమర్షియల్ లైసెన్సు మాట వస్తుంది. పెద్ద బస్సు చాలావరకు రెండు లెక్కల్లోనూ పడుతుంది. సొంత వాడకానికి మినహాయింపిచ్చే రాష్ట్రాలున్నాయి, దానికి పెట్టే షరతులు మాత్రం ఒక్కోచోట ఒక్కోరకం. తాత్కాలిక పర్మిట్, దారిలో వచ్చే రాష్ట్రాల నియమాలు, స్కూల్ బస్సు అనే అక్షరాలు, ఎర్రదీపాలు, పక్కకి తెరుచుకుని మిగతా బండ్లని ఆపమనే చెయ్యి ఏం చెయ్యాలో అన్నీ అప్పుడే అడిగి రాసుకో. కనీసం ఆ అక్షరాలు టేపుతో కప్పి, దీపాలకీ చేతికీ వైర్లు పీకనిదే గేటు దాటకు. నీ వెనక కార్లవాళ్లు ఆగాలో వద్దో తెలియక తికమకపడితే ప్రమాదం వాళ్లకీ, నీకూ.

పాట ఎంతదాకా పాడాలో ఇంట్లోనే కాగితం మీద రాసుకో: బస్సు ధర, వేలంవాళ్లు పాట మీద అదనంగా తీసుకునే ప్రీమియం, పన్ను, ఇన్సూరెన్స్, డీజిల్, రెండు ముందు టైర్లు, నడవకపోతే లాగించే ఖర్చు. చివరి నిమిషంలో ఎవరైనా పెంచితే చాలా వేలాల్లో గడువు కూడా పొడిగిస్తారు, ఆ ఊపులో రాసుకున్న అంకె దాటొద్దు. గెలిచాక డబ్బు కట్టడానికీ, బండి తీసుకెళ్లడానికీ కొద్ది రోజుల గడువే ఇస్తారు, దాటితే రోజువారీ అద్దె. బండి నీదని చెప్పే కాగితం, టైటిల్, కొన్నిచోట్ల డబ్బు కట్టాక వారాలకి గానీ రాదు, ఎప్పుడిస్తారో ముందే తేల్చుకో.

తెచ్చేరోజు పట్టుకెళ్లాల్సినవి: రెండు ఫ్యూయల్ ఫిల్టర్లు, ఫిల్టర్ పాన, 15డబ్ల్యూ-40 ఆయిలు ఒక గ్యాలన్, కూలెంటు, నీళ్లు, లావుపాటి జంపర్ కేబుళ్లు, బెల్టు, ఫ్యూజులు, టైరు గేజ్, అడ్డు దిమ్మలు, మూడు రెఫ్లెక్టర్ ముక్కోణాలు, అగ్నిమాపకం. ఈథర్ స్ప్రే మాత్రం వద్దు. గాలి వేడిచేసే హీటరో గ్లో ప్లగ్గో ఉన్న ఇంజిన్లో కొడితే పేలే ప్రమాదం ఉంది. ఏడాదిగా కదలని బస్సు ట్యాంకు అడుగున బురద ఉంటుంది, కుదుపులకి అది లేచి ఫిల్టర్ మూసేస్తుంది. దారిలో బలం తగ్గుతూ వచ్చిందంటే మొదటి అనుమానం అదే. డీజిల్ ముల్లును నమ్మకు, గేటు దాటగానే నింపుకో.

మొదట ఇరవై మైళ్లు నెమ్మదిగా పోయి ఆపు. ప్రతి చక్రం మధ్య హబ్బు దగ్గర చెయ్యి పెట్టకుండా దగ్గరగా ఉంచి చూడు. ఒక్కటే కాగుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగు పోతోంది. ఇక ప్రతి వంద మైళ్లకీ అలా ఒకసారి. మలుపుల్లో వెనక తోక బయటికి ఊగుతుంది, పంపుల దగ్గర స్తంభాలకి తగిలేది అదే. దిగుళ్లలో ముందే గేరు తగ్గించు, బ్రేకు పట్టుకుని కూచోకు. చాలా బస్సులు గంటకి 60 మైళ్లు దాటవు, దారి కూడా ఆ లెక్కనే వేసుకో.

నడవని బండిని లాగించాల్సివస్తే గేరుబాక్సు నుంచి వెనక చక్రాలని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పమని చెప్పు. ఇంజిన్ నడవనప్పుడు అలిసన్‌లో నూనె పంపు తిరగదు, చక్రాలు తిరిగితే లోపల ఎండిపోయి కాలిపోతుంది. గాలి లేక బ్రేకులు పట్టేసి ఉంటే స్ప్రింగ్ ఛాంబర్ పక్కనే చిన్న గూట్లో పొడుగు బోల్టు ఉంటుంది. అది ఛాంబర్ వెనక రంధ్రంలోకి దూర్చి, తిప్పి, నట్టు బిగిస్తే స్ప్రింగ్ వెనక్కి వస్తుంది. దిమ్మలు పెట్టకుండా ఆ పని చెయ్యొద్దు. ఛాంబర్ చుట్టూ ఉన్న పట్టీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు, ఆ స్ప్రింగ్ తన్నితే మనిషి పోతాడు. ట్రైలరు మీద తెస్తే బస్సు ఎత్తు, ట్రైలరు ఎత్తు కలిపి కొలిపించు. తూర్పు రాష్ట్రాల్లో మామూలు పరిమితి 13 అడుగుల 6 అంగుళాలు.

ఇంటికి చేరాక ఫిల్టర్లన్నీ, ఇంజిన్ ఆయిలూ మార్చు, గ్రీజు పట్టించు, తర్వాతే సీట్ల బోల్టుల జోలికి వెళ్లు. టైటిల్ రాగానే రెండువైపులా ఫొటో తీసి నాకు పంపు, అమ్మినవాళ్ల సంతకం, మైళ్ల అంకె వాటి గడుల్లోనే పడ్డాయో లేదో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న